మోయాబు ఎడారిలో మా నడక

కొండ యెక్కుట మనకు క్రొత్త గాదు. తిరుమల మెట్లెక్కునపుడు ముందును వెనుకను జనులుందురు. అలసినచో గూర్చుండ నీడ యుండును. దప్పిగొన్నచో నీరు దొరకును. ఇవి యేవియు లేని దారిని మేము 2019వ సంవత్సరపు వేసవి సెలవులలో నడచితిమి. అమెరికాలో నుద్యోగము చేయు మా తమ్ముడు మమ్మును యూటా రాష్ట్రములోని మోయాబు పట్టణమునకు దీసికొనిపోయెను.

ఆ యూరి చెంతనే ఆర్చెస్ జాతీయవనము కలదు. వనమన్న మాటయే గాని యది యెఱ్ఱని రాతి యెడారి. తిరుమలలో నొక్క శిలాతోరణమును జూచి యచ్చెరువొందిన మాకు, అచ్చట రెండువేలకు మించి యున్నవని విన్నపుడు నమ్మకము గలుగలేదు. ఏనాడో యింకిపోయిన సముద్రపు టుప్పు నేల యడుగున దట్టముగా పేరుకొని యున్నది. అది కదలుటచే పైనున్న యిసుకరాయి బీటలువారి గోడలు గోడలుగా నిలిచెను. ఆ గోడలను నీరును మంచును తొలిచి తోరణములు చేసెను. ల్యాండ్‌స్కేప్ అను తోరణము నిడివి 306 అడుగులు. నడుమ సన్నని పట్టీవలె నుండును. 1991లో దానినుండి పెద్ద పెళ్ల యూడిపడుటచే, దాని క్రిందికి నెవ్వరిని బోనీయరు.

అచ్చటివఱకు దారి చక్కగా నుండెను. ఆపైన చీలిన త్రోవకు ప్రిమిటివ్ ట్రెయిల్ అని పేరు. అనగా మెట్లును చదును చేసిన నేలయు లేని మోటుదారి. మొత్తము చుట్టివచ్చినచో 8 మైళ్లకు కొంచెము తక్కువ. రాతిపై రాయి పేర్చిన చిన్న కుప్పలే త్రోవ జూపును. ఒక కుప్పకడ నిలిచి, రెండవదానిని కన్నులతో వెదకి కాని యడుగు వేయరాదు.

అది తెలిసియు మేము తప్పితిమి. మాటలలో బడి కుప్పను గమనింపక యిసుకలోనికి బదియడుగులు వేసితిమి. “అక్కా! ఆగు!” అని తమ్ముడు కేక వేసెను. పాము గాబోలునని వణకితిమి. పాము కాదు. కాలిక్రింద నల్లగా గరుకుగా నున్న మట్టి ప్రాణము గలదట! కంటికానరాని సూక్ష్మజీవులును నాచును గలిసి, యిసుక గాలికి లేచిపోకుండ బట్టియుంచును. ఒక్క యడుగుతో నలిగిన యా పొర మరల గట్టుటకు పెక్కేండ్లు పట్టును. వాకిట ముగ్గును ద్రొక్కిన పిల్లలవలె సిగ్గుపడి, వేసిన జాడలలోనే కాళ్లు పెట్టుచు వెనుకకు వచ్చితిమి.

అసలు తగవు నీటికడ వచ్చినది. ఎడారిలో మనిషికి దినమునకు 4 లీటర్ల నీరు వలయును. సగము త్రాగగానే వెనుదిరుగవలయును. మేము బరువని రెండు సీసాలు కారులోనే వదలితిమి. (ఈ బుద్ధి యెవరిదో వ్రాయము.) ఏటవాలుగా దిగవలసిన యొక నున్నని బండను జేరునప్పటికే సీసాలు సగమైనవి. మావారు బడిపంతులు, పాఠమును నడుమ విడుచుట వారికి సరిపడదు. “ఇంత దూరము వచ్చి తిరిగిపోవుటయా?” అనిరి. “దారి మూడవవంతు నడచితిమి, నీరు సగము త్రాగితిమి. ఈ లెక్క మీ బడిపిల్లలు చేయగలరు” అంటిమి. వారు పలుకలేదు. దప్పికై కొలనునకు బోయి పాండవులు నలుగురు నేలకూలిన కథ మాకు జ్ఞప్తికి వచ్చెను. ఇచ్చట ప్రశ్నలడుగ యక్షుడైనను లేడు. కొంతసేపటికి వారు సీసా మూత బిగించి వెనుదిరిగిరి. కారు చేరునప్పటికి మా యిద్దరికి గలిపి నాలుగు గుక్కలు మిగిలెను.

మరునాడు సైకిళ్లు. జాతీయవనపు కాలిదారులలో సైకిలు నిషిద్ధము. కావున ఊరికి దూర్పుననున్న స్లిక్‌రాక్ దారికి బోయితిమి. 1969లో మోటారు సైకిళ్లకై యేర్పరచిన యీ దారి 10 మైళ్లకు పైబడును. బండపై వేసిన తెల్లని గీతలే గుర్తులు. జారుడురాయి యని పేరే గాని రబ్బరు టైరునకు చక్కగా పట్టు దొరకును. లాడము గొట్టిన గుఱ్ఱములు జారుటచే నా పేరు వచ్చెనందురు. మరదలు టైర్లలో గాలి కొంత తీసి, గోడవంటి బండపైకి త్రొక్కుచుండ మా గుండె యాగినంత పనియయ్యెను. త్రొక్కజాలని చోట దిగి నడిపించుకొనిపోవును. అందుకామెకు జంకు లేదు. మేము మరదలి పైజమాయు బూట్లును తొడిగికొని, చదునైన చోట రెండు చుట్లు త్రొక్కి, కాళ్లు వణకుటచే దిగితిమి. మావారు గీతల వెంబడి కొంతదూరము పోయిరి. అచ్చట నిలిచి, సీసాను వెలుతురున కెత్తి చూచుకొని, ఎవరును జెప్పకయే తిరిగివచ్చిరి.