పోటెక్కే వేళ... పడవెక్కాలి!

అంబాజీపేటంటే కొబ్బరికాయల మార్కెట్టు కదా, అక్కడ కయాక్ ఏంటనుకోకండి. ఒక్కరే కూర్చుని తెడ్డేసుకునే ఆ సన్నటి పడవలోంచి గేలమేసి పండుగప్పను పట్టాలని మా బావమరిది సరదా. చేరువలోనే వైనతేయ పాయ. ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బోడసకుర్రు వంతెన దగ్గర దిగుదామనుకున్నాం.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా గేలాలవైపు చూడనేలేదు.

‘ఏ తిథండీ, బయల్దేరేది?’

‘పౌర్ణమి. వెన్నెల బాగుంటుందని...’

‘ఆయ్, బాగానే ఉంటాదండి. పాటు లాగిందంటే ఆ వెన్నెల్లోనే సముద్రంలోకి పోతారు.’

పాటంటే నీరు సముద్రానికి తిరిగిపోవడం. అమావాస్యకీ పౌర్ణమికీ దాని జోరెక్కువ, అష్టమి నవముల్లో తక్కువ. పోటు సుమారు ఆరు గంటలు, పాటు ఆరు గంటలు; వేళ రోజుకి 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. అందుకే పోటు మొదలవగానే పడవ దింపి, నీరు తోసినంత మేర ఎగువకి వెళ్లాలి. పోటు నిలవగానే వెనుదిరిగి, పాటు జోరందుకునేలోపు ఒడ్డెక్కాలి. ఈతొచ్చినా సరే లైఫ్ జాకెట్ విప్పకూడదు.

లెక్కంతా కుదిరింది. అష్టమినాడు ప్రయాణమేంటని మా అత్తగారు అడ్డం తిరిగారు. పోనీ నవమన్నాం. అదింకా కాదన్నారు. చివరికి బేరం దశమి పొద్దున దగ్గర తెగింది.