కోయంబత్తూరు నుంచి మదురైకి ఒక మాట

మా అమ్మవైపు వాళ్లది కోయంబత్తూరు దగ్గర, సూలూరు పక్కనున్న ఒక పల్లె. విజయనగర రాజుల కాలంలోను, 1529లో మొదలైన మదురై నాయకుల ఏలుబడిలోను దక్షిణానికి తరలివచ్చి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో. బడిలో చదువు తమిళం, ఇంట్లో మాట తెలుగు. మా పెద్దమ్మకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కాని ఆమెకు కోపం వచ్చినా తెలుగులోనే, నవ్వు వచ్చినా తెలుగులోనే.

2013 సంక్రాంతి సెలవులకు ముంబై నుంచి మేము నలుగురం అక్కడికి వెళ్లాం. పెద్దమ్మకు అప్పటికి 84 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో గడప దాటడం లేదు. మదురైలో ఉన్న చెల్లెలిని, అంటే మా పిన్నిని, చూసి ఆరేళ్లయింది. పిన్నికి చెవుడు, ఫోనులో మాట అందదు. అందుకని మావారు ల్యాప్‌టాప్ ముందు పెద్దమ్మను కూర్చోబెట్టి, చెల్లెలితో చెప్పాలనుకున్నదంతా చెప్పించి వీడియో తీశారు. మొహం చూస్తూ, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పిన్నికి వినబడుతుందని మా ఆశ.

ఆ రోజుల్లో తమిళనాడులో కరెంటు కోత తీవ్రంగా ఉండేది. మర్నాడు కరెంటున్న కాసేపూ మేము ఇంట్లో లేము. పిల్లలకు చూపిద్దామని అవినాశి రోడ్డులోని జి.డి. నాయుడుగారి ప్రదర్శనశాలకు వెళ్లాం. 1893లో సూలూరు దగ్గరి కలంగల్‌లో పుట్టిన తెలుగు రైతుబిడ్డ ఆయన. 1937లో ఆయనా, డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి తయారుచేసినదాన్ని మన దేశపు తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకుంటారు. అంతకుముందే, 1930లలో, నీలగిరి కొండల మీది పైకారా నుంచి కరెంటు దిగివచ్చి ఈ ఊళ్లో మిల్లులు నడిపింది, బావుల్లో నీళ్లు తోడింది. అంత చరిత్రా చూసుకుని ఇంటికొచ్చేసరికి దీపాలు లేవు.

“ఇప్పుడే పొయ్యింది అమ్మిణీ, రాత్రికి వస్తాదిలే” అంది పెద్దమ్మ.

రాత్రికీ రాలేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

తెల్లవారి అన్నయ్య పాత అంబాసిడర్‌లో బయలుదేరాం. మావారికి ధైర్యమే. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంది, సంచిలో చిన్న ఇన్వర్టర్ ఉంది. పల్లడం దాటాక తగిలించారు. పచ్చదీపం వెలిగింది, నిమిషంలో ‘కీ’మని అరిచి ఆరిపోయింది. తీసి పెట్టారు, మళ్లీ అంతే. రోడ్డుకు రెండువైపులా గాలిమరలు. జనవరి కదా, చాలావరకు ఊరికే నిలబడి ఉన్నాయి. “అవీ మనలాగే ఉన్నాయి” అన్నాడు మా అబ్బాయి.

ధారాపురంలో ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టు కనబడితే ఆపాం. ల్యాప్‌టాప్ పాడయిందని నేను, ఇన్వర్టర్ చెడిందని మావారు వాదించుకుంటుంటే అతను తలెత్తి, “మీరూ మనవాళ్లేనా?” అన్నాడు, తెలుగులో! ఆ తరువాత పని తెలుగులోనే సాగింది.

మీటరు పెట్టి చూశాడు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. ల్యాప్‌టాప్ తగిలించాక సాకెట్ దగ్గర 10.6. మధ్యలో మూడు వోల్టులు మాయం! ఆ సాకెట్ కారుతో వచ్చింది కాదు, ఎవరో తరువాత సన్నని వైరుతో బిగించింది. మా అడాప్టర్ 90 వాట్లది. ఇంట్లో 230 వోల్టుల మీద దానికి అర ఆంపియరు కూడా పట్టదు. అదే 12 వోల్టుల మీద, ఇన్వర్టర్‌లో వృథా కూడా కలుపుకుంటే తొమ్మిది ఆంపియర్ల దాకా కావాలి. అంత కరెంటు సన్న వైరులో, వదులు ఎర్త్‌లో పారితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయిందనుకుని తనను తాను ఆపేసుకుంటోంది. “ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా సన్న వైరు లాగితే బావి మోటారు మూలగదా? అదే కథ” అన్నాడతను. పడవల మీద కాపురం ఉండేవాళ్లకూ ఇదే 12 వోల్టుల తంటా అన్నారు మావారు.

అతను బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగాడు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాడు. ఎర్త్ బిగించే చోటు తుప్పును గరుకు కాగితంతో రుద్దాడు. “ఇంజను ఆపితే ఇదీ తీసెయ్యండి, లేకపోతే బండి కదలదు. ల్యాప్‌టాప్ ఆపేసి చార్జి పెట్టండి, తొందరగా ఎక్కుతాది. ఈసారి 12 వోల్టుల నుంచి నేరుగా పనిచేసే అడాప్టరే కొనండి, వృథా తక్కువ” అని మూడు మాటలు చెప్పాడు. ఒట్టన్‌ఛత్రం, దిండుక్కల్ దాటి మదురై చేరేసరికి 70 శాతం!

పిన్ని ఇల్లు వండియూరు తెప్పకుళం దగ్గర. 1636లో మహలు కట్టించిన తిరుమల నాయకుడే ఈ కొలనూ తవ్వించాడు. మహలు ఇటుకలకు మట్టి ఇక్కడినుంచే తీశారని అంటారు. తై పౌర్ణమికి మీనాక్షీ సుందరేశ్వరులు తెప్ప ఎక్కేదీ ఇక్కడే. జనం తాళ్లు పట్టి ఆ తెప్పను లాగుతారు.

ఇంట్లో కరెంటు లేదు. చీకట్లో ల్యాప్‌టాప్ వెలుగే దీపం. పిన్ని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాం. అక్క మొహం కనబడగానే ఆమె లేచి నిలబడింది. “కూర్చోవే, నీకూ మోకాళ్లు నొప్పే కదా” అని సరిగ్గా అప్పుడే పెద్దమ్మ అనడం, పిన్ని “సరేక్కా” అని కూర్చోవడం చూసి మేమంతా నవ్వాం. తరువాత ఎవరమూ నవ్వలేదు. పదకొండు నిమిషాల ఆ మాటలకు పిన్ని ప్రతిదానికీ జవాబు చెబుతూనే ఉంది.

అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి, “నా మాట కూడా పట్టుకోండి. అక్కకు చూపించాలి” అంది. బ్యాటరీ ఇంకా 50 శాతం ఉంది. పట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో ఆ జవాబు పెద్దమ్మకు చూపించే ముంబై వచ్చాం. అక్కచెల్లెళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ రెండు వీడియోలూ మా ఇంట్లో మూడు చోట్ల దాచిపెట్టి ఉన్నాయి. సెలవులకు మీ ఊరి పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లే సోదరీసోదరులకు నా మనవి ఒకటే: వాళ్ల మాట పట్టుకోండి. బయలుదేరే ముందు కారు వైరు కూడా ఒకసారి చూసుకోండి.