గేరు మార్చండి... డొంక పట్టండి!

ఒకప్పుడు సైకిలంటే అద్దె సైకిలే. గంటకింతని కట్టి, కడ్డీ కింద కాలు దూర్చి తొక్కుతూ, మోకాళ్లు గీరుకుని నేర్చుకున్న తరం అది. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. పదో తరగతిలోకి రాకముందే లావు టైర్లు, గేర్లు, ముందు షాక్ అబ్జార్బరు ఉన్న మౌంటెన్ బైక్ ఇంటికొచ్చేస్తోంది. వచ్చి ఏం చేస్తోంది? సిమెంటు రోడ్డు మీద ట్యూషన్‌కు వెళ్లొస్తోంది! కొండలెక్కడానికి పుట్టిన బండికి కొండ చూపించేవాళ్లే కరువు.

మంగళగిరి వాసులకు మాత్రం ఆ కొరత ఉండకూడదు. ఊరి నడుమ కొండ, ఒక పక్క నల్లరేగడి పొలాలు, ఇంకో పక్క కాలువ గట్లు. పది, పదిహేను కిలోమీటర్ల లోపే మూడు రకాల నేల.

ఎక్కడ పుట్టిందీ బండి?

1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లు కొని, టమల్పాయిస్ కొండ ప్రాంతంలోని మట్టి దారుల్లో కిందికి దూకించేవారు. 1976లో అక్కడే మొదలైన పందేనికి 'రీప్యాక్' అని పేరు. బ్రేకు వేసీ వేసీ వెనక చక్రం హబ్బులోని గ్రీజు కాలి పొగైపోయేదట. కిందికి చేరగానే మళ్లీ గ్రీజు కూరాల్సిందే... అదీ ఆ పేరు వెనక కథ! ఆ సరదాయే ఇరవై ఏళ్లు తిరక్కుండా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రీడైంది.

కొండ మీదికి...

తొలి పాఠం పానకాలస్వామి కొండ దగ్గరే. మెట్ల దారి భక్తులది. సైకిలుకు ఘాట్ రోడ్డు ఉంది. 2004లో వేసిన ఈ రోడ్డు తారుదే అయినా, గేర్లు ఎందుకున్నాయో తెలియాలంటే ఇంతకన్నా మంచి బడి లేదు. ఎత్తు మొదలవక ముందే చిన్న గేరులోకి మారాలి. కాళ్లు పట్టేశాక మారుద్దామంటే గొలుసు కటకటమంటుంది. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారో... పల్టీనే!

వెళ్లాల్సింది తెల్లవారుజామునే. ఎండా ఉండదు, వాహనాలూ తక్కువ. సాయంత్రం దాటాక కొండ మీద దేవతలు స్వామిని అర్చిస్తారని నమ్మకం. అందుకే పై గుడి మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే సైకిలు ఊసెత్తకపోవడమే మంచిది. ఆయాసపడి ఎక్కినవారికి పైనుంచి రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురం ఊరి మధ్యలో ఠీవిగా కనిపిస్తుంది. కొండ వాలుల్లో చెట్ల మధ్య సన్నటి దారులు ఊరిస్తాయి. అయితే అది అటవీ భూమి. అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు.

కాలువ వెంట...

పిల్లలకూ, కొత్తగా నేర్చుకునే అమ్మానాన్నలకూ కాలువ గట్టు మేలు. తెనాలి రోడ్డులో జాతీయ రహదారి దాటి పెదవడ్లపూడి మీదుగా రేవేంద్రపాడు చేరితే కృష్ణా పశ్చిమ ప్రధాన కాలువ. సీతానగరం దగ్గర బయల్దేరి దుగ్గిరాల వైపు సాగే నీళ్లివి. గట్టు వెంట అక్కడక్కడా మట్టి దారి. ఎత్తుపల్లాలు ఉండవు, ఎదురుగాలి మాత్రం ఉంటుంది. పంట కాలంలో కాలువ నిండుగా పారుతుంది కాబట్టి పిల్లల్ని గట్టు అంచుకు పోనివ్వకూడదు. పసుపు సీజన్లో దుగ్గిరాల దాకా వెళ్తే యార్డుకు చాలా ముందే వాసన పలకరిస్తుంది.

డొంకలే అసలు మజా

మౌంటెన్ బైక్‌కు అసలు మజా డొంకల్లోనే. ఊరికీ ఊరికీ మధ్య, పొలాల నడుమ బండ్లు నడిచీ నడిచీ పడిన దారులు. మంగళగిరి నుంచి నిడమర్రు, కురగల్లు, నీరుకొండ వైపు రైల్వే గేటు దాటితే చాలు... ఒకప్పుడు ఎటు తిరిగినా డొంకే. రెండు గాడుల మధ్య గడ్డి, అటూ ఇటూ తుమ్మచెట్లు.

అయితే ఈ ఊళ్లన్నీ అమరావతి రాజధాని పరిధిలోకి వచ్చాయి. 2015లో శంకుస్థాపన జరిగాక, మధ్యలో కొన్నేళ్లు ఆగి, 2025లో పనులు మళ్లీ మొదలయ్యాయి. వెడల్పాటి రోడ్లు వస్తున్నాయి. వాటి కింద డొంకలు ఒక్కొక్కటీ కలిసిపోతున్నాయి. రాజధానికి రోడ్లు కావాలి, కాదనలేం. కానీ లారీలూ టిప్పర్లూ తిరిగే దారిలో పన్నెండేళ్ల పిల్లాడిని సైకిలుతో పంపేదెవరు? పాత డొంకల్లో రెండు మూడింటినైనా మట్టి దారులుగానే వదిలి, చెట్లు నిలిపితే నడిచేవారికీ తొక్కేవారికీ ఖర్చు లేని పార్కు. ఒకసారి తారు పడ్డాక మట్టి దారిని మళ్లీ తేవడం ఎవరి తరమూ కాదు.

బయల్దేరే ముందు...

* డొంకలో మొదటి శత్రువు పల్లేరుకాయ. రెండోది తుమ్మముల్లు. అదనపు ట్యూబు, చేతి పంపు, ప్యాచ్‌లు సంచిలో ఉండాల్సిందే.

* వాన పడ్డాక నల్లరేగడి జోలికి పోవద్దు. బంకమట్టి చక్రానికీ బ్రేకుకూ మధ్య చుట్టుకుని బండి కదలదు. భుజాన మోసుకు రావాలి! ఆ రోజుల్లో ఘాట్ రోడ్డే దిక్కు.

* ఇసుక, మెత్తటి దుమ్ము ఉన్నచోట టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు బాగుంటుంది.

* దారి రైతుది. ఎడ్లబండి, గొర్రెల మంద ఎదురైతే దిగి పక్కకు నిలబడాలి. ఆరబోసిన ధాన్యం మీదుగా తొక్కకూడదు.

* హెల్మెట్, రెండు సీసాల నీళ్లు, తోడుగా ఒకరు. పొద్దుగూకేలోపు ఇంటికి. చీకట్లో గట్ల మీద పాములుంటాయి.

కాళ్లు అలవాటు పడ్డాక ప్రకాశం బ్యారేజీ దాటి మూలపాడు, కొండపల్లి వైపు వెళ్లొచ్చు. ఇంకా సత్తా ఉంటే రెడ్డిరాజుల కొండవీడు ఘాట్ ఎక్కొచ్చు. అవి వచ్చే ఏడాది మాట. ఈ ఆదివారానికి మాత్రం చైనుకు నాలుగు చుక్కల నూనె వేయండి. రేవేంద్రపాడు ఎంతో దూరం లేదు.