చోటు మార్చే కోసీ నది

మన గోదావరి సముద్రంలో కలియబోయే ముందు ఏడు పాయలై విడిపోతుందని పెద్దలు చెప్పుతారు. ఆ పాయలకు సప్తర్షుల పేర్లు. యానాంలో ఉన్న మన సోదరులు గౌతమీ పాయ ఒడ్డునే కాపురం ఉంటున్నారు. ఆ ఏడింటిలో ఒకదాని పేరు కౌశిక. ఇదే పేరుగల మరొక నది ఉత్తరాన, నేపాళ దేశంలోను బీహారులోను ప్రవహిస్తూ ఉన్నది. దాని తీరు వేరు. మన గోదావరి చివరను ఏడుగా చీలితే, ఆ నది మొదట ఏడు నదులుగా పుట్టి ఒకటవుతుంది. దానిని అక్కడివారు కోసీ అంటారు. శాస్త్రులవారు కౌశికి అంటారు.

ఈ పేరు వెనుక ఒక కథ ఉన్నది. వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రామలక్ష్మణులకు తన వంశాన్ని గురించి చెప్పుతూ, తన అక్కగారైన సత్యవతి, ఋచీక మహర్షి ఇల్లాలు, సశరీరంగా స్వర్గానికి వెళ్ళి, లోకహితం కోరి హిమవంతం నుండి కౌశికీ నదిగా ప్రవహిస్తున్నదని, అక్కమీది ప్రేమచేత తాను ఆ హిమవత్పార్శ్వంలోనే నివసిస్తున్నానని చెప్పుతాడు. కుశిక వంశపు ఆడపడుచు గనుక కౌశికి. మన కుటుంబాలలో కౌశిక గోత్రంవారు ఎందరో ఉన్నారు. వారికి ఈ నది వరుసకు ఆడబిడ్డ అని చెప్పినా తప్పు లేదు.

కొండల్లో ఆమెకు ఏడు పేర్లు. సున్ కోసీ అంటే బంగారు కోసీ. తామా కోసీ అంటే రాగి కోసీ. దూధ్ కోసీ అంటే పాల కోసీ. ఎవరెస్టు శిఖరం దక్షిణపు మంచు కరిగి తెల్లగా దిగివచ్చే నీరు అది. ఇంద్రావతి, లిఖూ, అరుణ్, తమోర్ తక్కిన నాలుగు. (బస్తరునుండి గోదావరిలో కలిసే మన ఇంద్రావతి వేరు, పేరు మాత్రం ఒకటే.) ఏడింటిలో అరుణ్ నది చాల విచిత్రమైనది. అది హిమాలయాలకు ఆవల టిబెట్టులో పుట్టి, అంత పర్వతశ్రేణినీ కోసుకొని ఈవలకు వస్తుంది. కొండలు లేవకముందే ఆ నది ఉన్నదనీ, కొండ లేచినకొద్దీ నది కోసుకుంటూ వచ్చిందనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుతారు.

సున్ కోసీ, అరుణ్, తమోర్ త్రివేణి అనేచోట కలుస్తాయి. అక్కడికి కొద్ది దూరంలో వరాహక్షేత్రం ఉన్నది. సింహాచలం వరాహ నరసింహస్వామిని కొలిచే మనబోటివారికి ఆ పేరు వినగానే చేతులు జోడించాలని అనిపిస్తుంది. ఆ ఇరుకు లోయ దాటి ఛత్రా వద్ద నది ఒక్కసారిగా మైదానంలో పడుతుంది. దాని కష్టమంతా అక్కడే మొదలు. హిమాలయాలు ఇంకా లేతకొండలు. వానకు విరిగిపడిన రాయీ మట్టీ ఇసుకా కోట్ల టన్నులు ఏటేటా నది మోసుకొని వస్తుంది. వాలు తగ్గగానే బరువు దింపుతుంది. అడుగు మెరక అవుతుంది. మెరకైన చోట ప్రవహించలేక పక్కనున్న పల్లానికి దారి తీస్తుంది. ఈ విధంగా వేల ఏండ్లుగా విసనకర్ర పరచినట్లు ఒండ్రునేల పరచుకొని, ఆ విసనకర్ర మీద ఇటునుండి అటు తిరుగుతూ ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దం మొదట్లో పూర్ణియా పట్టణం దగ్గర ఉన్న నది, రెండువందల యేళ్ళు దాటేసరికి సుమారు 120 కిలోమీటర్లు పడమటికి జరిగింది. చివరకు కుర్సేలా వద్ద గంగలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 720 కిలోమీటర్లు.

మొన్న ఫాల్గుణంలో మేము ఆ దేశం వెళ్ళివచ్చాము. మా ఆఫీసుకు బదిలీమీద వచ్చి కొన్నేళ్ళు మాతో పనిచేసిన ఒక మైథిల మిత్రుని ఇంట పెండ్లి. బ్రహ్మపురంలో బండి ఎక్కి, కలకత్తా మీదుగా సహర్సా చేరాము. మా ఇంటివారు కూడ వచ్చారు. ఊరు దాటితే దారిపొడవునా సన్నని నీటి మడుగులు కనిపించాయి. వాటిని అక్కడ ‘ధార్’ అంటారు. ప్రతి ధార్ ఒకనాటి కోసీయే. నది విడిచిన బట్టలవలె అవి పొలాలమధ్య పడిఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు. నది చోటు మారినా పేరు అక్కడే ఉండిపోయింది.

ఈ నదిని కట్టిపెట్టాలనే ఆలోచన పాతదే. వరాహక్షేత్రం వద్ద ఎత్తైన ఆనకట్ట కట్టాలని 1940 ప్రాంతాలనుండి అనుకుంటున్నారు. నేటికీ అది కట్టలేదు. 1953 వరదల తరువాత రెండువైపుల ఏటిగట్లు, మధ్య ఒక బ్యారేజీ అని నిశ్చయించారు. 1954 ఏప్రిల్ 25న భారత, నేపాళ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక జరిగింది. ఆ ఏడే కన్వర్ సేన్ గారు, మన కానూరి లక్ష్మణరావు గారు చైనా వెళ్ళి, అక్కడి పసుపునది గట్లు చూసివచ్చి నివేదిక వ్రాశారు. కోసీకి గట్లు కట్టవచ్చునన్న వాదానికి ఆ నివేదిక బలమిచ్చింది. కృష్ణాజిల్లా కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగరానికి పాటుపడి, తరువాత కేంద్రంలో మంత్రిత్వం చేసిన కె.ఎల్. రావుగారి పేరు ఇంత దూరాన వినిపించినప్పుడు మాకు గర్వం కలిగింది. ఆ గర్వంతోనే గట్టు ఎక్కాము; దిగేటప్పుడు మనసులో ఇంకొక సంగతి కూడ చేరింది.

1955లో గట్ల పని మొదలైంది. నేపాళంలో భీమ్‌నగర్ వద్ద 56 తలుపుల బ్యారేజీ కట్టి 1963లో నదిని దానిగుండా పంపారు. గట్లకు బయట ఉన్న ఊళ్ళకు ఊరట కలిగింది. మలేరియాతో, ఇసుకతో పాడుబడ్డ నేలలు మళ్ళీ సాగులోకి వచ్చాయి. తూర్పు కాలువకింద పంటలు పండాయి. కోసీ విడిచిపోయిన బీడు నేలల కథను ఫణీశ్వరనాథ్ రేణు గారు 1957లో ‘పరతీ పరికథ’ అనే హిందీ నవలగా వ్రాశారు. ఇదంతా లాభం. అయితే రెండు గట్లకు మధ్య ఎడం కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించి ఉన్నది. ఆ నడుమ వందలకొద్దీ ఊళ్ళు చిక్కుకున్నాయి. మన గోదావరి లంకలవంటివే ఆ ఊళ్ళు. కాని లంకలో వరద వచ్చి పోతుంది. అక్కడ మాత్రం ఏటికేడు ఇసుక మేటవేస్తూ నది అడుగే పైకి లేస్తూ ఉన్నది.

మా మిత్రుని మేనమామగారు గట్ల నడిమి ఊరివారు. పెండ్లి మరునాడు మమ్మల్ని పడవమీద తీసుకొని వెళ్ళారు. ఫాల్గుణం గనుక నది బక్కచిక్కి, నాలుగైదు పాయలుగా ఇసుకలో వెదుక్కుంటూ పోతున్నది. ఒక పాయ పడవలో, ఒక పాయ మోకాలిలోతు నీటిలో దాటి, రెల్లుదుబ్బుల నడుమ కాలిబాటన నడిచాము. ఇళ్ళు వెదురు తడికలవి. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి పడవలో వేసుకొని పోవచ్చును. ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి. మంచంమీద కూర్చోబెట్టి మరమరాలు పెట్టి, చెప్పారు:

“మా ఊరు ఇప్పటికి నాలుగుసార్లు చోటు మారింది, బాబూ. మా నాన్నగారి ఇల్లు అదిగో, ఆ నీళ్ళ మధ్య. నేను పెండ్లి చేసుకున్న ఇల్లు ఆ రెల్లు అవతల. కోసీ మైయా నేల తీసుకున్నది, పేరు మాత్రం తీసుకోలేదు. ఎక్కడ గుడిసెలు వేసుకుంటే అక్కడే మా ఊరు.”

“పోయిన పొలం సంగతి?” అన్నాము.

ఆయన నవ్వి, లోపలినుండి ఒక రేకుపెట్టె తెప్పించారు. దానిలో పాత శిస్తు రశీదులు వరుసగా కట్టలు కట్టిఉన్నాయి. మేము ఇరవై ఏళ్ళుగా కాగితాల మధ్య బతుకుతున్నవాళ్ళం. అంత శుభ్రంగా దాచిన కాగితాలు ఏ ఆఫీసులోను చూడలేదు. “నేల నీళ్ళలో ఉన్నది, బాబూ. ఈ కాగితం నా దగ్గర ఉన్నది. నది మళ్ళీ ఎప్పుడైనా వదిలిపెడితే, ఇది మాదని మనుమడు చెప్పుకోవద్దా?” అన్నారు.

ఇంతలో వారి ఇల్లాలు మా ఇంటివారిని, “మీది ఏ ఊరు అమ్మాయీ?” అని అడిగారు. బ్రహ్మపురం అని చెప్పి, మా ఇంటిపేరు గుంటూరు జిల్లాలోని ఒక పల్లెదనీ, అయిదు తరాలుగా ఆ పల్లెను మాలో ఎవరూ చూడలేదనీ చెప్పారు. ఆమెకు ఆశ్చర్యం కలుగలేదు. మైథిలులలోను ప్రతి వంశానికి ఒక మూలగ్రామం ఉంటుందట. పంజీ అనే వంశావళి గ్రంథాలలో ఆ మూలం వ్రాసి ఉంటుంది, పెండ్లి సంబంధం కుదిరే ముందు అది చూస్తారు. “అయితే మీరూ మాలాగే. ఊరిని పేరులో పెట్టుకొని తిరుగుతున్నారు” అన్నది ఆ తల్లి. మనల్ని గురించి ఇంతకన్న సూటిగా ఎవరూ చెప్పలేదు.

గట్టు బయటివారికి కూడ పూర్తి అభయం లేదు. 2008 ఆగస్టు 18న బ్యారేజీకి ఎగువన కుసహా వద్ద తూర్పుగట్టుకు గండి పడింది. ఆనాడు నదిలో ఉన్నది సుమారు 1.44 లక్షల క్యూసెక్కులు మాత్రమే. బ్యారేజీ 9.5 లక్షలకు కట్టినది. అంటే పెద్ద వరదకు కాదు, కాపు తప్పిన గట్టుకు పడిన గండి అది. నది తన పాత దారి గుర్తు తెచ్చుకొని సుపౌల్, మధేపురా, అరారియా జిల్లాల మీదుగా పోయింది. బీహారులో ముప్పై లక్షలమందికి పైగా బాధపడ్డారు. యాభై ఏళ్ళుగా నీరు చూడని ఊళ్ళు గనుక వారివద్ద పడవలు కూడ లేవు. లోపలివారికి పడవ ఉన్నది, భద్రత లేదు. బయటివారికి భద్రత ఉన్నదనుకున్నారు, పడవ లేదు. 2024 సెప్టెంబరు చివర 6.61 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు దర్భంగా జిల్లాలో పడమటి గట్టు తెగింది.

మంచి సంగతి కూడ ఒకటి చెప్పాలి. నిర్మలి, సరాయ్‌గఢ్‌ల మధ్య 1887లో వేసిన రైలుదారి 1934 వరదలకు, భూకంపానికి పోయింది. ఎదురుగా కనిపించే ఒడ్డుకు రైలులో 298 కిలోమీటర్లు చుట్టి వెళ్ళవలసి వచ్చేది. ఒక మిథిల రెండయింది. ఈ ఒడ్డు పిల్లను ఆ ఒడ్డుకు ఇవ్వడం తగ్గిపోయింది. 2012లో రోడ్డువంతెన, 2020లో రైలువంతెన వచ్చాయి. ఇప్పుడు ఆ దూరం 22 కిలోమీటర్లు. మేము వెళ్ళిన పెండ్లిలో కోడలు పడమటి ఒడ్డు పిల్ల. మూడు తరాల తరువాత ఆవలి ఒడ్డునుండి వచ్చిన కోడలని ముత్తైదువలు వింతగా చెప్పుకున్నారు.

నది ఇచ్చేది కూడ తక్కువ కాదు. చేపలకు కొదవలేదు. ధార్‌లలో, చెరువులలో మఖానా పండిస్తారు. ముళ్ళ ఆకుల కింద బురదలో పడిన నల్లని గింజలు ఏరి, ఎండబెట్టి, వేయించి, వేడిమీదనే కొట్టి పేలాలుగా విచ్చేటట్లు చేస్తారు. ఇసుకనేలలో మొక్కజొన్న, పూర్ణియా వైపు జనుపనార. నేపాళంలో బ్యారేజీకి ఎగువన కోసీ టప్పూ అభయారణ్యంలో అడవిగేదెలు తిరుగుతున్నాయి. వాటికోసమే 1976లో ఆ అరణ్యాన్ని కాపాడడం మొదలుపెట్టారు.

గట్టు కట్టినవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నాటి జ్ఞానంతో, నాటి కన్నీళ్ళు చూసి వారు ఆ పని చేశారు. గట్టు బయటి లక్షలమంది నెమ్మదిగా నిద్రపోయారంటే అందుకు గట్ల నడుమ ఉన్నవారు ప్రతి శ్రావణంలోను మేలుకొని ఉన్నారు. ఈ లెక్క ఏ రిజిస్టరులోను సరిగా ఎక్కలేదు. ఇకమీద కోసీకి ఏమి కట్టినా, ఆ రేకుపెట్టెలోని కాగితాలు ముందుగా చదివి, అందులోని ఊరి పేర్లకు భూమి చూపి, అటుతరువాత కట్టడం న్యాయం. ఊరి పేరు మాత్రమే మిగిలినవారి బాధ మనకు కొంత తెలుసును గనుక ఈ మాట మనం అనవచ్చును.