డిస్క్ మొరాయిస్తే ముందు కాపీ, తర్వాతనే రిపేరు

అన్నలారా, పాత కంప్యూటర్ నుంచి తీసిన హార్డ్ డిస్క్‌లో పాసుబుక్కు స్కాన్లు, ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీల ఫొటోలు దాచిన. మొన్న ఫైల్ తెరిస్తే రీడ్ ఎర్రర్ వచ్చింది. ఫార్మాట్ కొట్టమని ఒకలు చెప్పిన్రు. నేను కొట్టలే. ముందుగాల తెరుచుకునే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసిన.

బోరు పోయకపోతే మోటర్ గుంజకముందే ఫీజు, స్టార్టర్ చూస్తం గదా. ఇదీ గంతే. సాటా కేబుల్ మార్చి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చూసిన. సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుడు ఆగితే తప్పు కేబుల్‌ది. పెండింగ్ సెక్టర్లు పెరుగుతుంటే డిస్కే ఖరాబైతున్నట్టు. నాది రెండోది. దాన్ల ఇప్పుడు పాటలే ఉన్నయ్.

ఆడ్తి కాడ లెక్క తేడా వస్తే మన చేతిల ఉండే సాక్ష్యం తక్‌పట్టీనే. దాని ఫొటో రెండు చోట్ల పెట్టుకోండ్రి.