తడి ఆరేదాకా

సీతంపేట మన్యంలో చిత్రకారుల శిబిరమంటే పదిమందిమి ఆక్రిలిక్ ట్యూబుల పెట్టెలతో దిగాం. మాకు బొమ్మ గీసి చూపించిన సవర పెద్దాయన దగ్గరున్నవి కొబ్బరిచిప్పలో బియ్యప్పిండి నీళ్లు, కొస నలగ్గొట్టిన వెదురుపుల్ల. ఎర్రమట్టి అలికిన గోడ మీద ముందు చుట్టూ అంచు గీశాడు. ఆ తర్వాతే లోపల మనుషులు, ఏనుగు, చెట్టు. తడిగా ఉన్నప్పుడు గీత కనీకనపడదు. ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది, అచ్చం మా అమ్మ వేసే పిండిముగ్గులా.

"ఎంత బాగుందో!" అన్నాను. ఆయన నవ్వలేదు. సవరలకు ఇది గోడకు సింగారం కాదు. చనిపోయిన పెద్దలకు, దేవతలకు ఇంట్లో వేసిపెట్టే పీట. ఇంట్లో జబ్బు చేసినా, పంట బాగుండాలన్నా వాళ్లను పిలవడానికే గీస్తారు. వెరియర్ ఎల్విన్ 1951లో మధ్యభారత గిరిజన కళ మీద తెచ్చిన పుస్తకంలో ఈ బొమ్మల గురించి రాశాడు. అంతకు చాలా ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలను ఇంట్లో పెట్టుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మేమో, నాలుగు రోజుల్లో 'శైలి' పట్టేద్దామని వచ్చాం!

మూడోనాడు పెద్దాయన నా కాన్వాసు ముందు చాలాసేపు నిలబడి, "ఇందులోకి ఎవర్ని పిలిచావు బాబూ?" అని అడిగాడు.

మూలన సంతకం పెట్టబోతున్నవాణ్ని ఆగిపోయాను.