చెరువు ఎగువన

హొసకోట దాటి చింతామణి రోడ్డెక్కాక చాలా దూరం కళ్లకు కనబడేవి లేఅవుట్ల బోర్డులే. రాగి చేలల్లో తెల్లరాళ్లు పాతి, చుట్టూ కంచె వేసి, మధ్యలో ఒక ఆర్చీ కట్టేశారు. హెచ్ క్రాస్ దాటాక గాని నేల మళ్లీ నేలలా కనబడలేదు. ద్రాక్ష పందిళ్లు, మల్బరీ మళ్లు, కర్రలు కట్టిన టమాటా తోటలు. కైవార క్రాస్‌లో బస్సు దిగితే పక్కన నిలబడ్డ వాళ్లందరూ తెలుగే మాట్లాడుతున్నారు.

కైవారానికి జనం యోగి నారేయణ తాతయ్య కోసం వస్తారు. గాజులమ్ముకుని బతికి, ఆపైన యోగిగా మారి, తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు కట్టి, కాలజ్ఞానం చెప్పిన మనిషి ఆయన. ఇదే భారతంలోని ఏకచక్రపురమనీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ ఊరివాళ్లు కొండను చూపిస్తారు. మఠంలో దణ్ణం పెట్టుకుని నేనూ ఆ కొండ వైపే నడిచాను. పైనుంచి చెరువులు చూడాలని నా కోరిక.

ఈ సీమకు ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని ఈ చుట్టుపక్కల కొండల్లోనే పుడతాయి. పుట్టిన చోట అవి వాగులే. అందుకే పెద్దలు వానను ఆపి ఉంచే పద్ధతి కనిపెట్టారు. కొండవాలు మీద పడిన నీరు రాజకాలువల్లో దిగి మొదటి చెరువు నింపుతుంది, అది నిండి కోడి పడితే కింది చెరువుకు, అక్కణ్ణుంచి ఆ కిందిదానికి. 19వ శతాబ్దంలో మైసూరు చీఫ్ ఇంజినీరుగా పనిచేసిన సాంకీ, ఈ రాజ్యంలో కొత్త చెరువుకు చోటు వెతకడమే కష్టమని రాశాడు. తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంత వదలాలో చూసుకోవడానికి ఊరూరా నీరుగంటి ఉండేవాడు.

చెరువు నిండాలంటే ఎగువ వాలు ఖాళీగా ఉండాలి. ఆ వాలే గోమాళం, గుండుతోపు. ఎవరి పేరు మీదా లేని నేల. ఈ కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో భూమి కోసం జరిగిన ప్రతి తగాదాలోనూ ముందు పోయింది ఆ నేలేనని నాకు కైవార కొండ మీద కూర్చున్నప్పుడు స్పష్టంగా తెలిసింది. కింద చెరువుకూ కొండకూ నడుమ ముప్పాతిక భాగం నీలగిరి (యూకలిప్టస్) తోపులు.

దిగి వస్తుంటే కట్ట మీద మేకలు తోలుకొస్తున్న పెద్దాయన పలకరించాడు. "ఏ ఊరు నాయనా? సామి దర్శనం అయిందా?" అయిందని చెప్పి తోపుల గురించి అడిగాను. "మా నాయన కాలంలో ఆడంతా గోమాళమే. పసులు మేస్తా ఉండె. బావిలోకి వంగి చెంబుతో నీళ్లు ముంచుకుంటా ఉంటిమి. నీలగిరి నాటినంక గడ్డి పోయింది, పసులు పోయినాయి. ఇప్పుడు బోరు పన్నెండు నూర్ల అడుగులు ఏసినా దుమ్మే." నీళ్లు ఎవరు తాగేశారు తాతా, చెట్లా, బోర్లా అన్నాను. "రెండూ తాగినాయి. వాన మాత్రం ఒక్కటే కదప్పా" అన్నాడాయన.

ఈ నీలగిరి చెట్టు చరిత్ర ఈ చిక్కబళ్లాపురం జిల్లాలోనే మొదలైంది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ ఆస్ట్రేలియా విత్తనాలు తెప్పించి నందికొండ మీది తన తోటలో నాటించాడు. దేశంలో యూకలిప్టస్‌కు అదే తొలి నాటు. చాలా కాలం అది ఇక్కడ తోట చెట్టుగానే ఉండిపోయింది. సామాజిక అటవీకరణ వచ్చాక కథ మారింది, 1980లలో దానికి ప్రపంచ బ్యాంకు సాయమూ అందింది. పల్లెకు వంటచెరకు, పశువుకు మేత ఇస్తామన్న పథకం అది. నారు చవగ్గా దొరికింది, పశువు ముట్టదు, కాపలా అక్కర్లేదు, కొన్నేళ్లకోసారి నరికితే కాగితం, రేయాన్ మిల్లులు కొంటాయి. బెంగళూరులో ఉంటూ ఇక్కడ భూమి ఉన్నవాళ్లకు ఇంతకన్నా సులువేముంది! రాగి చేను తోపైంది. కూలికి పనిపోయింది, సంగటి ముద్ద కొనుక్కోవలసి వచ్చింది. 1981లో బందోపాధ్యాయ, వందనా శివ, శరత్‌చంద్ర కలిసి కోలారు జిల్లాలో ఈ తోపుల ఫలితమేమిటో అధ్యయనం చేసి హెచ్చరించారు. అప్పటికి చిక్కబళ్లాపురం కూడా కోలారులోనే ఉండేది, విడిపోయింది 2007లో. 1983లో పక్క తుమకూరు జిల్లాలో రైతులు ప్రభుత్వ నర్సరీలో దూరి నీలగిరి నారు పీకేసి, ఆ చోట చింత, మామిడి గింజలు నాటారు. ఆ రైతుల మాట ప్రభుత్వం చెవికెక్కడానికి ముప్పై ఏళ్లు దాటింది. నీలగిరి నాటడాన్ని కర్ణాటక 2017లో నిషేధించింది. నన్నడిగితే తప్పు చెట్టుది కాదు. చెరువుకు నీళ్లు పంపే వాలును పనికిరాని బంజరుగా లెక్కగట్టిన చూపుది.

చింతామణిలో టమాటా బండ్ల మధ్య నుంచి నడుస్తుంటే అందరి నోటా ఒకటే చర్చ, కేసీ వ్యాలీ నీళ్లు. బెంగళూరు మురుగును రెండు దశలు శుద్ధిచేసి రోజుకు 440 మిలియన్ లీటర్లు కోలారు జిల్లా చెరువులకూ, చింతామణి తాలూకా చెరువులకూ పంపే పథకం అది. 2018లో నీళ్లు వదిలిన కొద్ది రోజులకే నురగ కనబడింది, కోర్టులు కొంతకాలం ఆపాయి. మూడో దశ శుద్ధి కూడా చేయాలని శాశ్వత నీరావరి హోరాట సమితి గట్టిగా అడుగుతూనే ఉంది. ఎండిన బోర్లలో నీరొచ్చిందని సంతోషపడే రైతులూ ఉన్నారు, వాళ్ల సంతోషాన్ని నేను చిన్నబుచ్చలేను. కానీ మన చెరువుకు మన వాన రాకుండా చేసుకుని, పట్నం వాడి పారేసిన దాని కోసం కాచుకోవలసి రావడం నాకు కడుపుమంట. పడమటి కనుమల నుంచి ఎత్తిపోసే ఎత్తినహొళెకు 2014లో చిక్కబళ్లాపురంలో శంకుస్థాపన జరిగింది. పదేళ్ల తరవాత మొదటి దశ ప్రారంభమైంది, అదీ సకలేశపురం వైపు.

చేళూరు మీదుగా బాగేపల్లి చేరాను. ఇక్కడి బోరునీటిలో ఫ్లోరైడు ఉంది, గారపట్టిన పళ్లు, వంగిన మోకాళ్లు ఊళ్లలో కొత్త కాదు. ఆ బాధ నుంచే పరగోడు ఆనకట్ట ఆలోచన పుట్టింది. చిత్రావతికి అడ్డంగా బాగేపల్లి, గుడిబండలకు తాగునీటి కోసం కర్ణాటక ఆనకట్ట తలపెడితే 2003 ప్రాంతంలో దిగువన అనంతపురం భగ్గుమంది. పుట్టపర్తి ఏరు, బుక్కపట్నం చెరువు ఎండిపోతాయన్నారు. మద్రాసు, మైసూరుల మధ్య 1892లో కుదిరిన ఒప్పందంలో చిత్రావతి పేరు ఉందని గుర్తుచేశారు. కట్ట ఇవతల నిలబడినా అవతల నిలబడినా మాట్లాడేది తెలుగే, చుట్టరికాలూ ఉన్నాయి. రెండు వైపుల వాళ్లదీ నిజమైన దాహమే. ఎగువన చెరువులు నిండితే ఏట్లోకి ఊట సాగేది. ఆ ఊట చచ్చాక, మిగిలిన కాసిని నీళ్ల కోసం అన్నదమ్ములు పోట్లాడుకున్నారు.

జాతీయ రహదారి మీద దక్షిణంగా వస్తే పేరేసంద్ర దగ్గర కొండలు సగం కోసి ఉంటాయి. బెంగళూరు మేడలకు కంకర ఇక్కణ్ణుంచే పోతుంది. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. నేను వెళ్లినప్పుడూ టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి. కొండ కరిగాక దాని మీద పడిన వాన ఏ కాలువలోకి పోతుందో లెక్క చూసేవారెవరు?

తిరుగు ప్రయాణంలో శిడ్లఘట్ట దారిలో జంగమకోట దగ్గర ఆగాను. ఇక్కడ 13 ఊళ్లలో 2,823 ఎకరాలు పరిశ్రమల కోసం తీసుకోవాలన్నది కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి మండలి ఆలోచన. పక్కనున్న దేవనహళ్లిలో 1,777 ఎకరాల కోసం రైతులు మూడేళ్లకు పైగా దీక్షలో కూర్చుంటే, 2025 జులైలో ముఖ్యమంత్రి ఆ సేకరణ విరమిస్తున్నట్టు ప్రకటించారు. జంగమకోటలో రైతులు రెండు పక్షాలుగా ఉన్నారు. టీకొట్టు దగ్గర ఒకాయన ధర బాగుంటే ఇచ్చేస్తానన్నాడు, పక్కనున్న పట్టుపురుగుల రైతు ససేమిరా అన్నాడు. ఇద్దరి చేతిలోనూ పహాణీ ఉంది, ఇద్దరికీ పరిహారం వస్తుంది. "మరి మీ చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ ఎవరి పహాణీలో ఉంది అన్నా?" అని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పట్టుపురుగుల రైతు లేచి బైకు తీశాడు. "రాండి సార్, యాడికాడ పూడిపోయిందో సూపిస్తా." రెండు లేఅవుట్ల నడుమ మోకాలెత్తు కట్ట ఒకటి చూపించాడు. కాలువ దాని కిందే ఉందట. సేకరణ నోటిఫికేషన్‌కు ముందు ప్రతి చెరువు ఎగువ వాలునూ, కాలువనూ కొలిచి, పటం గీసి, గ్రామ పంచాయతీ గోడ మీద అంటించమని ఆయన తాలూకా ఆఫీసుకు అర్జీ రాసుకున్నాడు. అర్జీ తెలుగు యాసలో నడిచే కన్నడంలో ఉంది. కింద సంతకం పెట్టడానికి ఇంకా చోటుంది, ఊళ్లో తిరిగి పెట్టిస్తానన్నాడు.